ఇరుసు వెనక బరువు

యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఎడెల్మీరాకు తనదంటూ ఒక తలుపు లేదు. పుట్టింది గొర్రెల కాపరి గుడిసెలో, ఆ గుడిసె ఆసామిది. పెళ్ళాడింది గొర్రెల బొచ్చు కత్తిరించేవాణ్ణి. వాడు మూడేళ్ళు కాపురం వెలగబెట్టి, ఎవతెతోనో సముద్రం వైపు చెక్కేశాడు. పోయేవాడు ఊరికే పోకుండా ఇంట్లో ఉన్న ఒక్క కంబళీ చంకన పెట్టుకుపోయాడు. అప్పటినుంచీ ఆమె కత్తిరింపు ముఠాకు వంటమనిషి. ముఠా ఏ ఆసామి మందకు పోతే ఆ మంద కొట్టంలోనే పడక, బొచ్చు మూటల మధ్య, మగవాళ్ళ గురకల మధ్య. అక్కడ గడియ పెట్టుకోవడానికి తలుపుండదు, ఉన్నా దానికి గడియ ఉండదు.

అలాంటి మనిషికి ఇల్లు వచ్చింది. చక్రాల ఇల్లు. రాజధాని నుంచి షికారుకొచ్చిన దంపతులెవరో కారు వెనక తగిలించుకుని ఈ మిట్ట మీదికి లాక్కొచ్చారు. పటగోనియా రోడ్లు పుస్తకంలో బొమ్మల్లా ఉంటాయనుకున్నారు కాబోలు. కమాన్ కట్టలు విరిగి, అద్దాలు పగిలి, మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు తిట్టుకుని, ఇక దీని మొహం చూడమని ఆసామి పెరట్లో పడేసి పోయారు. ఏళ్ళ తరబడి కోళ్ళు గుడ్లు పెట్టుకున్న ఆ డొక్కును ఎడెల్మీరా తన దగ్గరున్నదంతా ఊడ్చి కొనుక్కుంది. ఆమె తమ్ముడు రోసెందో లారీ డ్రైవరు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి కమాన్ కట్టలు మార్చాడు, కొక్కెం అతికించాడు, కారే చోటల్లా తారు పూశాడు. ఆమె కోళ్ళ రెట్ట గీకి, కిటికీకి పూల గుడ్డతో తెర కుట్టింది. ముందు వైపు పొయ్యి, వెనక మంచం, మధ్యలో ఇద్దరు మనుషులు ఒత్తుకుంటూ తిరగడానికి జాగా. గడియ మాత్రం కొత్తది.

ఆ ఇంటిని పెట్టుకోవడానికి చోటు కూడా దొరికింది. సాన్ ఫాబియాన్ రేవులో ఎర్మీనియా అని ఆమె చిన్ననాటి స్నేహితురాలుంది. ఒక్క గదిలో కూతురితో, అల్లుడితో, మనవలతో కిక్కిరిసి బతుకుతోంది. "నా గదిలో నిన్ను పెట్టుకోవాలంటే గోడకు మేకు కొట్టి తగిలించాలి. కానీ పెరడుంది. ఇల్లు నీతో తెచ్చుకున్నావంటే చచ్చేదాకా ఉండు" అని కబురు పెట్టింది. ఇల్లు రేవు చేరితే ఎడెల్మీరాకు బతుకు ఉన్నట్టు, చేరకపోతే మళ్ళీ కొట్టం. అంతకంటే చిక్కు లెక్కేమీ లేదు.

చేర్చాల్సింది మాత్రం ఆ రోడ్డు. దాన్ని అక్కడివాళ్ళు రంపం అంటారు. గులకరాళ్ళు పరిచిన దారి గాలికీ లారీలకూ గట్లు గట్లుగా గట్టిపడి, నిజంగానే రంపప్పళ్ళలా లేచి ఉంటుంది. దాని మీద పోతే ముందు పళ్ళు కదులుతాయి, తర్వాత బోల్టులు కదులుతాయి, చివరికి మొగుడూ పెళ్ళాలు విడిపోతారు. పైగా పడమటి గాలి. ఆ గాలికి బండి తలుపులు రెండూ ఒకేసారి తెరిచినవాడు రెండో తలుపు కోసం పొదల్లో వెతుక్కోవాల్సిందే.

బయల్దేరే ముందు రాత్రి ముఠా అంతా కలిసి ఆమెకు విందు చేసింది. ఏళ్ళ తరబడి వాళ్ళకు వండిపెట్టిన మనిషికి వాళ్ళే గొర్రెపిల్లను నిప్పుల ముందు నిలబెట్టి కాల్చారు. సగం మాడింది, సగం ఉడకలేదు. "ఇదిగో, ఇవాళ్టినుంచి మా గతి ఇదే" అన్నాడు సిప్రియానో. ముఠాలో కత్తెర వేగం తక్కువ, నోటి వేగం ఎక్కువ ఉన్నవాడు.

తర్వాత ఒక్కొక్కడూ ఒక్కో పెద్ద సీసా నిండా నీళ్ళు పట్టి ఆమె చేతికిచ్చాడు. రంపం అయిపోయి తారు రోడ్డు మొదలయ్యే చోట దిఫుంతా తల్లి గుడి ఉంది. గుడంటే పెద్ద గుడి కాదు, మోకాలెత్తు గూడు. చంటిబిడ్డతో ఎడారిలో మొగుడి వెంట నడిచి నడిచి దాహంతో ప్రాణం విడిచిన తల్లి ఆమె. చచ్చిన తల్లి రొమ్ము తాగుతూ బిడ్డ మాత్రం బతికే ఉన్నాడట. అందుకని ఆ దారిన పోయేవాళ్ళు ఏం కోరుకున్నా ఆమెకు నీళ్ళే ఇస్తారు. గూడు చుట్టూ సీసాలు గుట్టలుగా పడి ఉంటాయి. ఎవడూ ఆ నీళ్ళు ముట్టుకోడు.

"నా నడుం నొప్పి తగ్గాలని చెప్పు పెద్దమ్మా" అని ఒకడు. "మా ఆవిడ తిరిగి రావాలని" అని ఇంకొకడు. "వద్దొద్దు, ఆ సీసా దారిలో పారబోయి, వీడు ఇప్పుడే కాస్త ఒళ్ళు చేశాడు" అని పక్కవాడు. సిప్రియానో తన సీసా ఇస్తూ "నాది రహస్యం" అన్నాడు. "నీ మొహం, నీకు రహస్యం ఒకటా?" అని ఆమె నవ్వింది. ముఠా మేస్త్రి, ఎవరిస్తో అనేవాడు, ఎన్నడూ దేవుడి పేరెత్తనివాడు కూడా ఒక సీసా తెచ్చి మాట్లాడకుండా పెట్టి పోయాడు.

ఆమె మొక్కు అన్నిటికంటే పాతది, పెద్దది. "నాకో ఇల్లిప్పించు తల్లీ, ఆ ఇంట్లోనే నీకు నీళ్ళు మోసుకొస్తాను" అని ఎప్పుడో మొక్కుకుంది. ఇల్లొచ్చింది. అందుకని రెండు పెద్ద పీపాల నిండా నీళ్ళు పట్టింది.

పొద్దున్నే రోసెందో తన పాత పికప్‌తో వచ్చి, చక్రాల ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గొలుసులు ఇంటూ గుర్తులా అడ్డంగా వేసి తగిలించాడు. రంపం మీద గట్టి టైరు రాయిలా ఎగురుతుంది కనుక టైర్లలో గాలి తగ్గించాడు. ఆ తర్వాత కొక్కెం పట్టుకుని ఎత్తి చూశాడు. ముందు బరువుంటే లేవకూడనిది, ఒంటి చేత్తో లేచింది. అతని మొహం మారిపోయింది.

"అక్కా, వెనక ఏం పెట్టావే?"

"ఏం పెడతాను, నా పరుపు."

"పరుపు ఇంత బరువుండదు." తలుపు తెరిచి చూశాడు. మంచం మీద పీపాలు, సీసాలు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి. "ఓసి నీ భక్తి తగలెయ్య! ఇదంతా ఇరుసు వెనక పడింది. బరువు ముందుంటే బండి మన వెనకాల బుద్ధిగా నడుస్తుంది. వెనకుంటే తోక ఊపుతుంది. తోక ఊపడం మొదలెట్టిందంటే ఇక దాని ఇష్టం, మన ఇష్టం కాదు. తీసి పొయ్యి పక్కన కింద పెట్టు."

"కిందా? ఆ జాగాలో చెప్పులేసుకుని తిరిగాను. అమ్మ నీళ్ళు కాళ్ళ కింద పెడతామట్రా?"

"అయితే పికప్‌లో వేస్తాను."

"నా ఇంట్లోనే మోసుకొస్తానని మొక్కుకున్నాను. నీ పికప్‌లో అని మొక్కుకోలేదు."

"అమ్మకు దాహం వేస్తుంది గానీ ఇరుసు సంగతి తెలీదే!"

"నోరు కడుక్కోరా ముందు."

వాడు నవ్వాడు. అక్కడే తప్పు జరిగింది. వాడు నవ్వకుండా సీసాలు బయటికి విసిరి ఉంటే ఆమె ఏడ్చేది, తిట్టేది, సాయంత్రానికి మర్చిపోయేది. కానీ తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆ అక్కే. ముఠా తిని మిగిల్చిన ముక్కలు దాచి తెచ్చి వాడి నోట్లో పెట్టింది ఆ అక్కే. ఆమె ముందు వాడు లారీ డ్రైవరు కాడు, ఇప్పటికీ ముక్కు కారే పిల్లాడే. "సరే, మెల్లగా పోదాం" అన్నాడు. మెల్లగా పోతే ఏదైనా సర్దుకుంటుందని లోకంలో చాలామంది అనుకుంటారు.

మెల్లగానే పోయారు. ఎద్దుబండి దాటిపోయేంత మెల్లగా. లారీల చక్రాలు తొక్కి గట్టిచేసిన గాడిలో ఎడమ చక్రం, కుడి చక్రం సరిగ్గా పెట్టి, రెండు గాడుల మధ్య రాళ్ళ గట్టు ఎక్కకుండా వాడు స్టీరింగును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎడెల్మీరా వెనక అద్దంలోంచి ఇల్లు చూస్తూనే ఉంది. కిటికీలో పూల తెర ఊగుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఇంట్లో ఎవరో ఉన్నట్టు, ఆ ఎవరో తనే అయినట్టు.

"ఎర్మీనియా పెరట్లో వాకిలి ఏ వైపు పెట్టించుకుంటావే?" అని అడిగాడు రోసెందో.

"సముద్రం వైపు వద్దు. ఆ వైపు పోయినవాడు ఒకడున్నాడు."

"ఇంకా గుర్తున్నాడా వాడు?"

"వాడు గుర్తులేడు. కంబళీ గుర్తుంది."

మధ్యదారిలో ఆగి వాడు చక్రాల బోల్టులు బిగించాడు. రెండు వదులయ్యాయి. కిందికి వంగి ఇరుసు తడిమాడు, గొలుసులు లాగి చూశాడు, లేచి నిలబడి గాలికి కళ్ళు చికిలించాడు. పొద్దుటికంటే గాలి పెరిగింది. పొదలన్నీ ఒకే వైపు వంగి దణ్ణం పెడుతున్నాయి.

"అక్కా, ఇప్పటికైనా ఆ నీళ్ళు ముందుకు జరుపుదాం. ముందు పెద్ద దిగుడుంది."

ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. పొయ్యి పక్కన కొత్త గుడ్డ పరిచి, దాని మీద పెడితే కాళ్ళ కింద పెట్టినట్టు కాదు గదా అనుకుంది. కానీ కొత్త గుడ్డ పెట్టెలో అడుగున ఉంది. పెట్టె విప్పాలి, గాలిలో గుడ్డలు ఎగురుతాయి. దిగుడు దాటితే తారు రోడ్డు, తారు రోడ్డు మొదట్లోనే గుడి. ఇంత దూరం ఏమీ కాలేదు గదా.

"వచ్చేశాం కదరా. ఇంకెంత?"

ఈ మాటను ఆమె తర్వాత ఎన్నిసార్లు తల్చుకుందో లెక్కలేదు.

దిగుడు తల మీదికి వచ్చేసరికి కింద లోయ, దానవతల నల్లటి తారు గీత, గీత మొదట్లో ఎండకు మెరుస్తున్న సీసాల గుట్ట కనిపించాయి. ఎడెల్మీరా శిలువ గుర్తు వేసుకుని "అదిగో రా, అమ్మ!" అంది. అంత సంతోషం ఆమె గొంతులో రోసెందో ఎన్నడూ వినలేదు. వాడు గేరు తగ్గించి దిగడం మొదలెట్టాడు.

దిగుడు మొదట్లో బాగానే ఉంది. కొండ చాటు తప్పగానే గాలి పక్కనుంచి ఒక్క తోపు తోసింది. చక్రాల ఇల్లు ఒక్కసారి అటు జరిగి ఇటొచ్చింది. మళ్ళీ అటు. ఈసారి కాస్త ఎక్కువ. ముందు బరువు లేదు, వెనకనుంచి నీళ్ళు తోస్తున్నాయి, కింద రంపప్పళ్ళు. పికప్ వెనక భాగం గాలికి గేదె తోకలా ఊగసాగింది.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో రోసెందోను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. బ్రేకు జోలికి పోకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలి, స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి, దాని కోపం అది తీర్చుకునేదాకా ఊరుకోవాలి. వాడు అలాగే చేశాడు. పెదవి కొరుక్కుని, చేతులు బిగించి, దిగుడులో వేగం పెరుగుతున్నా కాలు పైకే ఉంచాడు. ఇంకొంచెం ఉంటే సర్దుకునేదేమో. సర్దుకునేది కాదేమో కూడా. అది ఎవరికీ తెలియదు.

ఎడెల్మీరాకు ఇవేమీ తెలియదు. అద్దంలో తన ఇల్లు ఒకసారి కుడి పక్కన, ఒకసారి ఎడమ పక్కన కనిపిస్తోంది.

"ఆపరా! ఒరే, ఆపరా!"

అక్క ఆపమంటే వాడు ఆగాడు. బావి అంచున, పొయ్యి దగ్గర, పొగరు గుర్రం వెనక, చిన్నప్పటినుంచీ ఆ గొంతు ఆపమంటే ఆగి బతికినవాడు వాడు. కాలు బుర్రను అడగలేదు. బ్రేకు తొక్కింది.

పికప్ ఆగబోయింది, ఇల్లు ఆగలేదు. వెనకనుంచి వచ్చి అడ్డం తిరిగింది, రాళ్ళ గట్టెక్కింది, కొక్కెం మెలితిరిగి ఊడింది. గొలుసులు ఒక్క క్షణం పట్టుకున్నాయి, తర్వాత అవీ తెగాయి. పికప్ గిర్రున తిరిగి వచ్చిన దారికే మొహం పెట్టి నిలబడింది. చక్రాల ఇల్లు పక్కకు ఒరిగి, దొర్లి, దిగుడు కింద పొదల్లో వెల్లకిలా పడింది. దుమ్ము అంతా గాలి ఒక్క ఊపులో ఎత్తుకుపోయింది. అంతా కళ్ళకు కట్టినట్టు కనపడింది.

పడటంతో ఆగినా బాగుండేది. దరిద్రుడు పెళ్ళి చేసుకుంటే వడగళ్ళ వాన అన్నట్టు, చీలిన గోడ సందులోంచి గాలి లోపలికి దూరింది. రేకు పైకప్పు చప్పుడు చేస్తూ లేచింది, విడిపోయింది, లోయలోకి దొర్లుతూ పోయింది. చెక్క గోడలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. పరుపు, దుప్పట్లు, పెట్టెలోని గుడ్డలు పొదపొదకూ చిక్కుకున్నాయి. ఎడెల్మీరా పరుగెత్తింది. ఒక దుప్పటి పట్టుకుంది, దాన్ని వదిలి గిన్నె పట్టుకుంది, దాన్ని వదిలి తెర వెంట పరుగెత్తింది. అది అందలేదు. కాళ్ళు తడబడి కూలబడింది.

రోసెందో వచ్చి పక్కన కూర్చున్నాడు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది, వాడికి తెలియలేదు. ఇద్దరూ ఆ కొయ్యముక్కల వైపు చూశారు. అతుకు వేయడానికి అక్కడేమీ మిగల్లేదు. వాడికి తెలుసు, ఆమెకూ తెలుసు.

"బ్రేకు తొక్కాను" అన్నాడు వాడు.

"నేనే అరిచాను."

"తొక్కకుండా ఉండాల్సింది."

"నీళ్ళు అక్కడ పెట్టింది నేను. ఆ మాట అను. నువ్వంటే నాకు కాస్త తేలిక."

"అనను."

"అనరా."

వాడు అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బరువైంది.

పీపాలు పగిలాయి గానీ సీసాలు చాలావరకు అలాగే ఉన్నాయి. ప్లాస్టిక్‌కు ఏమవుతుంది? దిగుడంతా దొర్లుకుంటూ, నిండుగా, మూతలు బిగించి ఉన్నాయి. రోసెందో నాలుగు ఏరుకొచ్చాడు. "గుడి దగ్గరే కదక్కా. వీటినైనా అప్పజెప్పి రానా?"

"ఏ ఇంట్లో మోసుకుపోతావు?" అంది ఆమె. వాడు సీసాలు కింద పెట్టేశాడు.

ఆమెకు ఆ తల్లి మీద కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి వచ్చింది. నీకు దాహం ఒక్కటే తెలుసు, తాగడానికి లేనివాళ్ళ బాధే తెలుసు, పడుకోవడానికి లేనివాళ్ళ బాధ నీకేం తెలుసు అనుకుంది. అనుకున్నందుకు భయం కూడా వేయలేదు. ఇంకేం పోతుంది గనక?

పొద్దు వాలకముందే ముఠా లారీ వచ్చింది. వాళ్ళూ అదే దారిన తర్వాతి మందకు పోతున్నారు. దిగుడు తలమీదే ఆగిపోయి అందరూ దూకి పరుగెత్తుకొచ్చారు. మేస్త్రి ఎవరిస్తో టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఇద్దరు రోసెందో మోచేతికి గుడ్డ కట్టారు. మిగతావాళ్ళు పొదల్లోంచి బట్టలు లాగి మడతపెట్టడం మొదలుపెట్టారు. కత్తెర పట్టే చేతులకు మడత పెట్టడం చేతకాలేదు.

"ఏమయిందయ్యా?" అని మేస్త్రి రోసెందోను అడిగాడు.

"వెనక బరువు ఎక్కువైంది."

అంతే అన్నాడు. సిప్రియానో మాత్రం కింద పడి ఉన్న సీసాలు చూశాడు. మంచం ఎక్కడుండేదో వాడికి తెలుసు, తెర తగిలించడానికి సాయం చేసింది వాడే. వచ్చి ఆమె ముందు గొంతుక్కూచున్నాడు.

"పెద్దమ్మా. ఒక మాట చెప్తాను. కొట్టు, తిట్టు, పడతాను."

"ఏంట్రా?"

"నా సీసాలో... నువ్వు మళ్ళీ మా దగ్గరికి రావాలని మొక్కుకున్నాను. ఇలా కావాలని కాదే! ఊరికే, నీ చేతి కూడు లేకపోతే ఎలాగా అని. తమాషాకి."

అప్పుడు దుప్పటి మడతపెడుతున్నవాడు తలెత్తకుండానే "నేనూ అంతే" అన్నాడు. నడుం నొప్పివాడు "నేను కూడా పెద్దమ్మా, నొప్పి మాట పైకి అన్నాను గానీ" అన్నాడు. పెళ్ళాం రావాలన్నవాడు ఏడుస్తున్నాడు. ఎడెల్మీరా మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి టోపీ పెట్టుకుని లారీ వైపు తిరిగాడు.

ఆమెకు కోపం రావాలి. వస్తే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆమె మీద ప్రేమతోనే అడిగారు. అడిగింది దొరికింది. ఆ ప్రేమంతా సీసాల్లో పట్టించుకుని తనే తన మంచం మీద పెట్టుకుని లాక్కొచ్చింది. ఇందులో ఎవర్ని తిట్టాలో ఆమెకు తోచలేదు.

"రేవుకు పోదామక్కా" అన్నాడు రోసెందో. "ఎర్మీనియా కాదనదు."

"ఆమె గోడకు మేకు లేదురా."

"మా అత్తగారింట్లో..."

"మీ అత్త నిన్నే భరించలేక చస్తోంది. పో, నీ లారీ చూసుకో. ఆ చెయ్యి డాక్టరుకు చూపించు."

మేస్త్రి లారీ దగ్గరినుంచే, ఆమె వైపు చూడకుండా, "కొత్త వంటవాడు ఇంకా రాలేదు" అన్నాడు. "వచ్చినా పంపేస్తాను."

ఎడెల్మీరా మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. లంగా దులుపుకుంది. ఇంటి వైపు చూడలేదు.

"పొద్దున ఏం తిన్నారు?"

"మాడిన రొట్టె" అన్నాడు సిప్రియానో, తలదించుకునే.

"మాంసముందా?"

"సగం గొర్రె ఉంది."

"ఉల్లిపాయలు?"

ఉల్లిపాయలు గుర్తుపెట్టుకునే మొహాలు కావవి. ఎడెల్మీరా దిగుడు కిందికి చెయ్యి చూపించింది.

"నా పొయ్యి కింద ఒక గోతాముండేది. రేవులో ఉల్లి ప్రియమని కొని పెట్టుకున్నాను. చిరిగి ఆ పొదల్లో పడి ఉంటాయి. చీకటి పడకముందే ఏరండి."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత గాలికి వంగి, ముళ్ళపొదల మధ్య, ఒక్కో ఉల్లిపాయా ఏరడం మొదలుపెట్టారు.